నాచు కణం ఏ గడప దగ్గర ఆగిపోతోంది?

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు గురించి ఒక వ్యాసం ప్రకటించింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు వచ్చేవి. శుద్ధి అయిపోయిందని బయటికి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ఆ బృందం తేల్చింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కూడా అంత ఉండదు. రోజుకు సుమారు 45 కిలోల మందు పక్కనున్న ఇసకవాగులో కలుస్తోందని లెక్క కట్టారు. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అది. 2009లో వచ్చిన మరో అధ్యయనంలో ఆ చుట్టుపక్కల చెరువు నీటిలో లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్, 1.2 మిల్లీగ్రాముల దాకా సెట్రిజిన్ దొరికాయి. అప్పటి నుంచి జరిగిన చర్చ దాదాపు అంతా ఒకే దారిన నడిచింది. మందుకు లొంగని బ్యాక్టీరియా పుడతాయి, రేపు మన రోగాలకు మందు లేకుండా పోతుంది అన్నదే ఆ చర్చ సారాంశం. ఆ భయం నిజమైనదే, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ నీటిలో మరో జీవి కూడా ఉంది. చెరువు మెట్లకు పట్టే పాచి, ఎండాకాలంలో నిలవ నీటికి వచ్చే లేత ఆకుపచ్చ రంగు, ఇవి ఎక్కువగా ఆకుపచ్చ శైవలాలే, అంటే నాచు. చెరువులో చేప దాకా వెళ్ళే తిండికి మొదటి మెతుకు అవే. ఆ మెతుకు పెరగడమంటే ఒక కణం రెండు కావడం, నాలుగు కావడం, ఎనిమిది కావడం. ఆ విభజన మీద మందులు ఏం చేస్తున్నాయన్నది ఇరవై ముప్పై ఏళ్ళుగా ప్రయోగశాలల్లో తేలుతూ వస్తున్న విషయం. ఆ ఆధారాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. ఎంత మందు ఉంటే నాచు ఎదుగుదల సగానికి పడిపోతుందన్న ఒక్క అంకె మీద మనం తీర్పు చెప్పుకుంటున్నాం. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఈ మందు కణ విభజనను ఏ గడప దగ్గర ఆపుతోంది అన్నది.

గడప అన్న మాట ఊరికే వాడలేదు. ఆకుపచ్చ శైవలాల్లో చాలావాటి విభజన మనం బడిలో చదువుకున్న పద్ధతిలో జరగదు. క్లామిడోమోనాస్‌ను తీసుకుందాం. పగలంతా వెలుతురులో అది విభజన జోలికి పోకుండా పెరుగుతూనే ఉంటుంది. రెండింతలు, నాలుగింతలు, ఒక్కోసారి పదింతలకు పైగా పెరుగుతుంది. ఆ పెరుగుదలలో ఒక చోట అది ఒక గడప దాటుతుంది. దాటక ముందు చీకట్లో పెడితే విభజన ఉండదు. దాటిన తర్వాత వెలుతురు ఆపేసినా సరే, కణం కనీసం ఒకసారి విడిపోయి తీరుతుంది. చీకటి పడ్డాక తన రెండు కశాభాలనూ లోపలికి తీసుకుని, తల్లికణం గోడ లోపలే గబగబా ఒకటి తర్వాత ఒకటిగా విభజనలు పూర్తి చేస్తుంది. ఎంత పెరిగిందో దాన్ని బట్టి రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు పిల్లకణాలు తయారవుతాయి. అప్పుడు తల్లి గోడను కరిగించే ఎంజైము పని మొదలుపెడుతుంది, పిల్లలు బయటికి ఈదుకుంటూ వస్తాయి. పిల్లల సంఖ్యను తల్లి పరిమాణంతో ముడిపెట్టే జన్యువుల్లో ఒకటి, మనుషుల్లో కంటి కేన్సర్‌కు సంబంధించి మొదట గుర్తించిన రెటినోబ్లాస్టోమా జన్యువుకు దాయాది. చెక్ దేశంలో ట్రెబోన్ పట్టణపు పరిశోధకులు సీనెడెస్మస్ అనే మరో నాచులో దశాబ్దాల పాటు ఇదే చూశారు. పెరుగుదల ఒక వరస, కేంద్రకంలో డీఎన్‌ఏ రెట్టింపు కావడం ఒక వరస, హరితరేణువు తన సొంత డీఎన్‌ఏను పెంచుకుని విడిపోవడం ఇంకో వరస. మామూలుగా ఈ వరసలన్నీ కలిసి నడుస్తాయి. కానీ ఒకదాన్ని ఆపితే మిగతావి వెంటనే ఆగిపోతాయని లేదు. మందుల ప్రభావం అర్థం కావాలంటే ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

మనిషి కోసం తయారైన మందు నాచును ఎందుకు తాకాలి? 2008లో లార్సన్ సహచరులు 1,318 మానవ ఔషధ లక్ష్యాలను తీసుకుని, వాటికి దాయాదులు ఏ జీవుల్లో ఉన్నాయో జన్యుక్రమాల్లో వెతికారు. జీబ్రా చేపలో 86 శాతం, నీటిలోని చిన్న జీవి డాఫ్నియాలో 61 శాతం, ఆకుపచ్చ నాచులో 35 శాతం దొరికాయి. ఆ 35 శాతాన్ని తక్కువని కొట్టిపారేయలేం, ఎందుకంటే అందులో కణ విభజనను నడిపే పాత యంత్రాంగం ఉంది, దాన్ని పరిణామం పెద్దగా మార్చలేదు. కానీ యాంటీబయాటిక్స్ సంగతి వచ్చేసరికి ఈ లెక్క సరిపోదు. వాటి లక్ష్యం మనిషిలో ఉండదు, బ్యాక్టీరియాలో ఉంటుంది. నాచు కణంలో హరితరేణువు వంద కోట్ల ఏళ్ళకు పైగా వెనక్కి వెళితే ఒక బ్యాక్టీరియానే. కిరణజన్య సంయోగక్రియ చేసే ఒక సయనోబాక్టీరియాను మింగిన కణం దాన్ని అరిగించుకోకుండా కాపురానికి పెట్టుకుంది. కాపురం కుదిరినా ఆ అతిథి తన పుట్టింటి సామాను వదులుకోలేదు. డీఎన్‌ఏ మెలికలు విప్పే గైరేజ్, ప్రొటీన్లు తయారుచేసే 70ఎస్ రైబోజోములు, రెండుగా విడిపోయేటప్పుడు నడుముకు బిగుసుకునే ఎఫ్‌టీఎస్‌జెడ్ వలయం, ఇవన్నీ బ్యాక్టీరియా తరహావే. 1954లో రూత్ సేజర్ క్లామిడోమోనాస్‌లో స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకునే గుణం మెండెల్ సూత్రాలకు లొంగకుండా సంక్రమిస్తోందని చూపించింది. కేంద్రకం బయట కూడా వంశపారంపర్యం ఉందని చెప్పిన తొలి ఆధారాల్లో అదొకటి. దాని మూలం హరితరేణువులో ఉందని తర్వాత తేలింది. అంటే క్షయ రోగానికి వాడే మందు నాచు హరితరేణువును పట్టుకుంటుందని శాస్త్రానికి దశాబ్దాలుగా తెలుసు. దాన్ని కాలుష్యం కోణంలో చూడటం మాత్రం ఆలస్యంగా మొదలైంది.

ఇప్పుడు గడపలను ఒక్కొక్కటిగా చూద్దాం. మొదటిది హరితరేణువు డీఎన్‌ఏ. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం గైరేజ్‌ను పట్టి, అది కోసిన డీఎన్‌ఏ కొసలను మళ్ళీ అతకనివ్వదు. మొక్కల్లో గైరేజ్ హరితరేణువులోకీ మైటోకాండ్రియాలోకీ చేరుతుందని, ఈ మందుకు లొంగుతుందని అరబిడోప్సిస్ మొక్కలో 2004లో రుజువైంది. 2000లో డెన్మార్క్ పరిశోధకులు ప్రచురించిన అంకెలు ఈ విషయంలో ఇప్పటికీ కీలకం. మైక్రోసిస్టిస్ అనే సయనోబాక్టీరియా ఎదుగుదలను సగానికి తగ్గించడానికి లీటరుకు 5 మైక్రోగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ చాలింది. ఆకుపచ్చ నాచుకు 2,970 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 3 మిల్లీగ్రాములు కావలసి వచ్చింది. ఆరు వందల రెట్ల తేడా. ఆ తేడాలోనే గడప కనిపిస్తుంది. సయనోబాక్టీరియాకు ఉన్న ఒక్కగానొక్క జన్యుపటం గైరేజ్ మీద ఆధారపడింది. నాచుకు కేంద్రకం వేరు, దాని యంత్రాంగం వేరు. దెబ్బ తగిలేది లోపలి అతిథికి. ఇంటి యజమాని కొంతకాలం నిలబడగలడు. అయినా ఈ అంకెల పక్కన పటాన్‌చెరు అంకెలు పెట్టి చూడండి. శుద్ధి కేంద్రం వదిలిన నీరు ఆ 3 మిల్లీగ్రాముల హద్దుకు పదింతలు. చెరువులో దొరికిన 6.5 మిల్లీగ్రాములు దానికి రెట్టింపు పైమాట. ప్రయోగశాలలో ప్లాస్కులో వాడే మోతాదులు నిజజీవితంలో ఉండవని తరచూ అంటారు. ఇక్కడ ప్లాస్కు మోతాదును చెరువు దాటిపోయింది.

రెండో గడప హరితరేణువు రైబోజోములు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి మాక్రోలైడ్లు అక్కడ పనిచేస్తాయి. ఇటలీ పరిశోధకులు 2005లో ప్రకటించిన పరీక్షల్లో ఇదే ఆకుపచ్చ నాచు ఎదుగుదలను సగానికి తగ్గించడానికి క్లారిత్రోమైసిన్ లీటరుకు 2 మైక్రోగ్రాములు, ఎరిత్రోమైసిన్ 20 మైక్రోగ్రాములు చాలాయి. సిప్రోతో పోలిస్తే ఎరిత్రోమైసిన్ వంద రెట్లకు పైగా, క్లారిత్రోమైసిన్ వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ విషం అన్నమాట. కాంతిని పట్టే యంత్రంలో కీలకమైన కొన్ని ప్రొటీన్లు హరితరేణువు రైబోజోముల మీదే తయారవుతాయి. కాంతి వల్ల అవి నిత్యం పాడైపోతూ, కొత్తవి తయారవుతూ ఉండాలి. తయారీ ఆగితే కిరణజన్య సంయోగక్రియ కుంటుపడుతుంది, పెరుగుదల తగ్గుతుంది, పెరగని కణం విభజన గడప చేరదు. ఇక్కడ మందు విభజనను నేరుగా ఆపడం లేదు, విభజనకు కావలసిన కూడు ఆపుతోంది. దీనికి పూర్తిగా ఎదురు పెన్సిలిన్ కుటుంబం. ఆకుపచ్చ నాచుకు అమాక్సిసిలిన్ లీటరుకు 250 మిల్లీగ్రాములు ఇచ్చినా ఏమీ కాలేదు, మైక్రోసిస్టిస్ మాత్రం 4 మైక్రోగ్రాములకే సగానికి పడిపోయింది. ఆ మందు పట్టుకునే బ్యాక్టీరియా గోడ ఈ నాచుల హరితరేణువుకు ఇప్పుడు లేదు. కానీ నాచు బంధువర్గమంతా ఇలా బయటపడిందనుకుంటే పొరపాటు. ఒక జాతి నాచుమొక్కలో పెన్సిలిన్ తరహా మందులు హరితరేణువు విభజనను ఆపి, కణానికొక పెద్ద హరితరేణువు మాత్రం మిగిల్చాయని, టమాటాలో అలా జరగలేదని జర్మన్ పరిశోధకులు 1997లో చూపించారు. ఒకే మందు, ఆకుపచ్చ వంశంలోనే రెండు ఫలితాలు. ‘ఆకుపచ్చ జీవులకు సురక్షితం’ అని ఒక్క ముక్కలో రాసే ధ్రువపత్రాల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం ఇదే.

మూడో గడప కేంద్రకం. ఇక్కడికి యాంటీబయాటిక్స్ పెద్దగా రావు, కేన్సర్ మందులు వస్తాయి. 5-ఫ్లోరోయురాసిల్ థైమిన్ తయారీని ఆపుతుంది, థైమిన్ లేకుండా కొత్త డీఎన్‌ఏ లేదు. స్లొవేనియా పరిశోధకులు 2014లో నాలుగు కేన్సర్ మందులను నాచు మీద పరీక్షిస్తే అన్నిటికన్నా తీవ్రమైనది ఇదే. లీటరుకు 0.13 మిల్లీగ్రాములకు ఎదుగుదల సగమైంది. సిస్‌ప్లాటిన్‌కు 1.5 మిల్లీగ్రాములు కావలసి వచ్చింది, ఎటోపోసైడ్‌కు 30. వియన్నాలో ఒక కేన్సర్ వార్డు మురుగునీటిలో 5-ఫ్లోరోయురాసిల్ లీటరుకు 124 మైక్రోగ్రాముల దాకా కొలిచారు. ఆ రెండు అంకెలూ దాదాపు ఒకటే. ఊరి మురుగులో కలిశాక అది పలచబడుతుంది, నిజమే. పలచబడటానికి ముందున్న ఆ కాలువకు మాత్రం నాకు తెలిసినంతలో ఎవరూ హద్దు పెట్టలేదు. ఈ మందుకు దగ్గరి చుట్టమైన ఫ్లోరోడీఆక్సీయురిడిన్‌తో ట్రెబోన్ పరిశోధకులు 1990ల్లో చేసిన ప్రయోగం ఈ మొత్తం సమస్యలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తుంది. ఆ మందు ఇచ్చిన సీనెడెస్మస్‌లో కేంద్రకపు డీఎన్‌ఏ రెట్టింపు కావడం ఆగింది, పిల్లకణాలు పుట్టడం ఆగింది. కణం చావలేదు. పెరుగుతూనే పోయింది. హరితరేణువు వ్యవహారాలు కణ విభజనతో సంబంధం తెగిపోయి వాటి దారిన అవి నడిచాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే కనిపించేది విడిపోవాల్సిన వేళ దాటిపోయినా విడిపోలేక బలిసిన రాకాసి కణాలు. ఆ ప్లాస్కును పైనుంచి చూసేవాడికి నీళ్ళు ఆకుపచ్చగానే ఉంటాయి.

మిగతా మందుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, కార్బమజెపైన్, మెట్‌ఫార్మిన్ లాంటివి ఒంటరిగా నాచును ఇబ్బంది పెట్టాలంటే లీటరుకు పదుల నుంచి వందల మిల్లీగ్రాములు కావాలి, నదుల్లో అంత ఉండదు. కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్లు పట్టుకునే జీవరసాయన మార్గం ఆకుపచ్చ నాచుల్లో అసలు లేనే లేదు. వీటిలో విడిగా చెప్పుకోవలసింది డిప్రెషన్ మందు ఫ్లుఆక్సెటిన్. నరాలు లేని నాచుకు నరాల మందుతో ఏం పని అనిపిస్తుంది. కానీ అమెరికాలో 2003లో చేసిన పరీక్షల్లో లీటరుకు 14 మైక్రోగ్రాముల దగ్గరే నాచు ఎదుగుదల తగ్గింది, కణాల ఆకారం వికృతమైంది. సగానికి తగ్గించే మోతాదు నీటి మసక కొలిస్తే 24 మైక్రోగ్రాములు, కణాలను చేత్తో లెక్కిస్తే 39 మైక్రోగ్రాములు వచ్చింది. ఒకే ప్లాస్కు, ఒకే మందు, రెండు అంకెలు. ఏది కొలుస్తున్నామన్న దాన్ని బట్టి విషం మారిపోయింది.

ఈ కొలతల దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ప్రపంచమంతా నాచు పరీక్షకు ప్రామాణికంగా వాడేది ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన 201వ నంబరు పద్ధతి. అందులో ఎక్కువగా వాడే నాచు రాఫిడోసెలిస్. 1959లో నార్వేలోని నీటెల్వా నది నుంచి తీసిన ఒక వంశమే నేటికీ ప్రయోగశాలల్లో సాగుతోంది. సూక్ష్మదర్శిని కింద అది సన్నని నెలవంకలా ఉంటుంది. మిల్లీలీటరుకు అయిదు నుంచి పది వేల కణాలతో మొదలుపెట్టి 72 గంటలు పెంచుతారు. మందు కలపని ప్లాస్కులో కణజాలం కనీసం పదహారు రెట్లు కావాలి, అంటే నాలుగు రెట్టింపులు. మందు కలిపిన ప్లాస్కుల్లో ఎంత తగ్గిందో చూసి గీత గీస్తారు. ఎదుగుదలను కణాల లెక్కతో కొలవవచ్చు, క్లోరోఫిల్ మెరుపుతో కొలవవచ్చు, నీటి మసకతో కొలవవచ్చు. మెరుపు కొలవడం తేలిక, యంత్రం నిమిషాల్లో చెప్పేస్తుంది. కానీ రాకాసి కణాల సంగతి తలుచుకోండి. విభజన ఆగి పెరుగుదల ఆగని కణంలో క్లోరోఫిల్ ఉంటుంది, మెరుపు ఉంటుంది. యంత్రం దాన్ని ఆరోగ్యమని రాసుకుంటుంది. ఎనిమిది కావలసినది ఒకటిగా మిగిలిందన్న విషయం లెక్కపెట్టే కంటికి తప్ప కనపడదు.

రెండో లోపం గడియారంలో ఉంది. హరితరేణువు మీద పడే దెబ్బ వెంటనే బయటపడాలని లేదు. దీనికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ మలేరియాలో ఉంది. మలేరియా క్రిమి లోపల అపికోప్లాస్ట్ అనే చిన్న అవయవం ఉంటుంది. ఏనాటిదో ఒక నాచు వంశపు రేణువు అందులో మిగిలిపోయిన ఆనవాలు అది. 1897లో సికిందరాబాద్‌లో దోమ కడుపులో ఆ క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్‌కు అందులో ఒక నాచు అవశేషం ఉందని తెలిసే అవకాశం లేదు. డాక్సీసైక్లిన్ మలేరియా మీద పనిచేసేది ఆ అవశేషాన్ని పట్టుకునే. విచిత్రమేమిటంటే మందు తగిలిన క్రిమి ఆ విడతలో బాగానే పెరుగుతుంది, విడిపోతుంది, పిల్లలను కూడా కంటుంది. చనిపోయేది ఆ పిల్లల తరం. తల్లి దగ్గరున్న రైబోజోములు, ప్రొటీన్ల నిల్వ పంచుకుంటూ మొదటి తరం గట్టెక్కుతుంది, రెండో తరానికి గిన్నె ఖాళీ. ఆకుపచ్చ నాచులో హరితరేణువు ఇంతకన్నా ఎక్కువ బరువు మోస్తుంది కాబట్టి దెబ్బ కొంత ముందే తెలియవచ్చు. అయినా లెక్క అదే తరహాది. నాలుగు రెట్టింపుల పరీక్షలో మొదటి ఒకటి రెండు రెట్టింపులు పాత నిల్వ మీద నడిస్తే, సగటు ఎదుగుదల రేటు ఆ నిల్వను కూడా బలం కిందే జమ కడుతుంది. 72 గంటల్లో వచ్చిన అంకె సిప్రో లాంటి మందుల విషయంలో అసలు హానిని తక్కువ చేసి చూపిస్తుందని నేను అనుకోవడానికి ఆధారం ఇది.

దీనికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. మొదటిది, పటాన్‌చెరు ఒక్కటి చూపించి ప్రపంచమంతా అలాగే ఉందనకూడదన్నది. ఒప్పుకోవలసిన మాటే. 2022లో 104 దేశాల్లో 258 నదుల నుంచి 1,052 చోట్ల నీళ్ళు తీసి 61 మందుల కోసం వెతికిన పెద్ద అధ్యయనం వచ్చింది. నాలుగో వంతు చోట్ల కనీసం ఒక మందు సురక్షితమనుకునే హద్దు దాటింది. మిగతా మూడు వంతుల్లో ఒక్కో మందునూ విడిగా చూస్తే హద్దు లోపలే ఉంది. కానీ నాచు ఒక్కో మందునూ విడిగా తాగదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, న్యాప్రోక్సెన్, ఆస్పిరిన్ విడివిడిగా ఏమీ చేయని మోతాదుల్లో ఉన్నా కలిస్తే ఒకదానికొకటి తోడై ప్రభావం చూపుతాయని 2004లోనే తేలింది. ఒకే గడప దగ్గర పనిచేసే మందుల విషయంలో ఈ కూడిక మరింత నికరంగా ఉండాలి. మూడు మాక్రోలైడ్లు ఒకే రైబోజోము మీద కూర్చుంటే మూడు హద్దులు వేరుగా చూసి మూడూ లోపలే ఉన్నాయనడం లెక్కే కాదు. ఇంకో అభ్యంతరం, సిప్రోఫ్లాక్సాసిన్ ఎండకు విరిగిపోతుంది, బురదకు అంటుకుంటుంది, నీటిలోని మెగ్నీషియంతో కలిసి బలం కోల్పోతుంది అన్నది. ఇదీ నిజమే. కానీ రోజూ పోస్తూ ఉంటే రోజూ విరిగినా మిగిలేది మిగులుతూనే ఉంటుంది. ఇసకవాగు బురదను పరీక్షించి 2011లో ప్రకటించిన ఫలితాల్లో సిప్రోఫ్లాక్సాసిన్ పెద్ద ఎత్తున దొరికింది, దానితో పాటే నిరోధక జన్యువులు కుప్పలుగా కనిపించాయి. బురద మీదే కదా పాచి పట్టేది.

పటాన్‌చెరు నీటిలో ఉప్పు, సాల్వెంట్లు, లోహాలు అన్నీ ఉన్నప్పుడు నాచుకు ఏమైనా అయితే దాన్ని మందు ఖాతాలో వేయడం ఎలా అని కూడా అడుగుతారు. ఇది నాకు అన్నిటికన్నా గట్టి ప్రశ్నగా కనిపిస్తుంది, దీనికి జవాబు కూడా గడపలోనే ఉంది. ఉప్పు ఎక్కువైతే కణం నీళ్ళు కోల్పోతుంది, సాల్వెంట్ పొరలను చెడగొడుతుంది. వాటిలో ఏదీ కేంద్రకపు డీఎన్‌ఏను ఆపి హరితరేణువును వదిలేయదు. ఏ వరస ఆగింది, ఏ వరస సాగింది అన్నది చూస్తే దోషి పోలిక తెలుస్తుంది. ఎదుగుదల సగమైందన్న ఒక్క అంకెలో ఆ పోలిక చెరిగిపోతుంది.

యాంటీబయాటిక్స్ సయనోబాక్టీరియాను ముందు చంపుతాయి కాబట్టి ఆకుపచ్చ నాచుకు పోటీ తగ్గి లాభమే కదా అనే వాదన కూడా ఉంది. తక్కువ మోతాదులో అలా జరగవచ్చు. కానీ గాలిలోని నత్రజనిని పట్టి వరి మడికి అందించేవి ఆ నీలి ఆకుపచ్చ జీవుల్లోనే ఉన్నాయి. ఇసకవాగు కలిసే నక్కవాగు నీళ్ళు మంజీరలో కలుస్తాయి, దారిలో పొలాలున్నాయి. ఒకరు పోయి ఇంకొకరు మిగలడాన్ని లాభమని పిలవడానికి నాకు మనసొప్పదు. మోతాదు పెరిగిన చోట మిగిలినదీ మిగలదు.

చివరి అభ్యంతరం ఆచరణకు సంబంధించింది. నిరోధక బ్యాక్టీరియా పుట్టకుండా హద్దు పెడితే నాచు దానంతట అదే బాగుపడుతుంది, వేరే లెక్క ఎందుకు? సిప్రోఫ్లాక్సాసిన్ విషయంలో ఇది పూర్తిగా నిజం. 2016లో లార్సన్, ఆయన సహచరుడు ప్రతిపాదించిన హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. నాచు మోతాదు దానికి వేల రెట్లు పైన ఉంది. క్లారిత్రోమైసిన్ దగ్గరకు వస్తే బొమ్మ మారుతుంది. అదే జాబితాలో దాని హద్దు 0.25 మైక్రోగ్రాములు, నాచు సగమయ్యేది 2 మైక్రోగ్రాములకు. కనీసం పదింతల జాగ్రత్త తీసుకున్నా నాచు హద్దు 0.2కు, అంటే బ్యాక్టీరియా హద్దు కన్నా కిందికి వస్తుంది. ఇక 5-ఫ్లోరోయురాసిల్, ఫ్లుఆక్సెటిన్ లాంటివాటికి నిరోధక బ్యాక్టీరియా కొలమానమే వర్తించదు. వాటికి నాచు లెక్క తప్ప మరో కాపలా లేదు. ఐరోపా సమాఖ్య కొత్త మందుల అనుమతికి నాచు పరీక్ష అడుగుతుంది, యాంటీబయాటిక్స్ అయితే సయనోబాక్టీరియా మీద చేయమంటుంది. ఆ నిబంధన సరైనదే. 2024లో వచ్చిన పట్టణ మురుగునీటి చట్టంలో అదనపు శుద్ధి ఖర్చులో కనీసం 80 శాతం మందులు, సౌందర్య సాధనాల తయారీదారులే భరించాలని రాసుకున్నారు. మన దేశంలో 2020 జనవరిలో 121 యాంటీబయాటిక్స్‌కు వ్యర్థజలాల హద్దులు ప్రతిపాదిస్తూ కేంద్రం ముసాయిదా ఇచ్చింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్స్ తయారీ వ్యర్థాలపై మొదటిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. మందులు చవగ్గా తయారవ్వాలన్నది పేద రోగికి అవసరమే, దాన్ని నేను కాదనను. ఆ చవక ధరలో వాగు శుద్ధి ఖర్చు కలపలేదన్నదే నా బాధ.

ఆ హద్దులు మళ్ళీ రాసేటప్పుడు వాటిలో ఉండాల్సిన పరీక్ష పెద్ద యంత్రాలు కోరేది కాదు. ఇసకవాగు నీరు వడకట్టి, కొంత మామూలు పోషకజలంతో పలచబరిచి, అందులో రాఫిడోసెలిస్ వేయాలి. పక్కనే అవే ఉప్పు, అదే ఆమ్లత ఉండి మందు లేని ప్లాస్కు పెట్టాలి. మూడు రోజులకు ఆపకుండా ఆరు రోజులు నడపాలి, మూడో రోజున కొంత తీసి కొత్త నీటిలోకి మార్చి రెండో తరానికి ఏమవుతుందో చూడాలి. ప్రతిరోజూ ఒక చుక్క గాజు పలక మీద వేసి కణాలు లెక్కించాలి, వాటి పొడవు వెడల్పు కొలవాలి, కేంద్రకాలకు రంగు వేసి ఒక్కో కణంలో ఎన్ని ఉన్నాయో చూడాలి. అదే చుక్కలో క్లోరోఫిల్ కూడా కొలవాలి. క్లోరోఫిల్ నిలిచి కణాల సంఖ్య పడిపోయిందా, కేంద్రకం ఒకటే ఉండి కణం బలిసిందా, లేక రెండూ కలిసి తగ్గాయా అన్నది రాసుకోవాలి. ఇందులో ఏదీ హైదరాబాద్ విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లో లేనిది కాదు. డిగ్రీ రెండో సంవత్సరం వృక్షశాస్త్రం విద్యార్థికి చేతనయ్యే పని, నెలంతా ఓపిగ్గా సూక్ష్మదర్శిని ముందు కూర్చోగలిగితే.